పెద్దమ్మ గొంతున్న చిలుక

మా పిన్ని పుస్తకాలు బైండు చేసేది. పదిహేడో ఏట ఆ పనిలో చేరి, నలభై ఏళ్ళకు పైగా అదే షాపులో, కిటికీ పక్కన అదే బల్ల దగ్గర కూర్చుంది. స్కూలు రిజిస్టర్లు, కోర్టు కాగితాల కట్టలు, లైబ్రరీలో వెన్ను విరిగిన లావుపాటి పుస్తకాలు ఆవిడ చేతికి వచ్చేవి. కాగితాలు మడిచి, సూదీ దారంతో కుట్టి, జిగురు రాసి, అట్ట వేసి, బరువు కింద నొక్కిపెట్టేది. జిగురు ఆరకముందే పుస్తకం ఇచ్చెయ్యమని అడిగేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. రెండు రోజులు ఆగలేనివాళ్ళు మూడొందల పేజీలు ఏం చదువుతారని విసుక్కునేది. అంత ఓపిక గల మనిషి నాకు తెలిసి ఒక్కసారే తొందరపడింది. ఆ తొందరలో నాకూ భాగం ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. పెద్దమ్మ, మా అమ్మ, పిన్ని. పిన్నికి యాభై ఏళ్ళు వచ్చినా పెద్దమ్మకి ఆవిడ "చిన్నది" మాత్రమే. పిన్ని పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథేమీ లేదు, వద్దనుకుంది, మానేసింది. ఈ చిన్న సంగతి పెద్దమ్మకి మాత్రం ఎంతకీ మింగుడు పడలేదు.

పిన్నికి నలభై ఎనిమిదేళ్ళప్పుడు, పెద్దమ్మ ఒక లెక్కల మాస్టారిని, భార్య పోయినవాణ్ణి, వెంటబెట్టుకుని, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, నేరుగా బైండింగ్ షాపుకే వెళ్ళింది. పిన్ని మోచేతులదాకా జిగురుతో ఉంది. చుట్టూ పదిమంది పనివాళ్ళు. మాస్టారు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఇదంతా సరే గానీ, వంట వచ్చా?" అని అడిగాడట. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. అందరి నవ్వూ ఒక ఎత్తు, అక్క నవ్వు ఒక ఎత్తు. ఆ సాయంత్రమే పిన్ని అక్క ఇంటికి వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, ఇక ఈ గడప తొక్కనని చెప్పి వచ్చేసింది.

అప్పటిదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ పెద్దమ్మ ఇంట్లో కలిసేవారు. ఆ తర్వాత మా అమ్మ ఒక్కతే వెళ్ళేది. ఇద్దరి మధ్యా మా అమ్మ నలిగిపోయింది గానీ ఒక్కరూ మెట్టు దిగలేదు. ఆరేళ్ళు అలాగే గడిచాయి. ఒక ఉదయం పెద్దమ్మ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఉన్నపళంగా కూలిపోయింది. డాక్టరు మెట్లెక్కేలోపే అంతా అయిపోయింది.

పెదనాన్న గడియారాలు బాగుచేసేవారు. కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత మరలు బిగించిన మనిషికి చివరికి ఆ కళ్ళే పోయాయి. లోపల ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చింది. పెద్దమ్మ పోయేనాటికి ఆయనకి వెలుతురూ నీడా తప్ప మరేమీ కనిపించేది కాదు. ఆయన్ని ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చినప్పుడు మా ఇంట్లో మేమే ఇరుక్కుని ఉన్నాం. పిన్ని ఎవరినీ అడగలేదు. నేరుగా వెళ్ళి ఆయన బట్టలు సర్దేసింది.

"నాతో ఇంకొకరు కూడా ఉన్నారమ్మాయ్, తీసుకెళ్తావా మరి?" అన్నారు పెదనాన్న.

ఆ ఇంకొకరు ఎర్ర తోక ఉన్న ఒక బూడిదరంగు చిలుక. పిల్లలు లేని ఆ ఇంట్లో అది పదకొండేళ్ళుగా ఉంటోంది. పిన్ని సరేననేసింది. మెట్లు దిగుతుండగా గాని తన ఇంట్లో పిల్లి ఉందన్న సంగతి గుర్తు రాలేదట.

ఆ పిల్లి బైండింగ్ షాపుది. అక్కడ ఒకప్పుడు జిగురు మైదాపిండితో ఉడికించేవారు. ఆ వాసనకి ఎలుకలు వచ్చేవి, ఎలుకల కోసం పిల్లిని పెంచారు. పనివాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని, ఏ పనీ చేయకుండా అందరినీ చూస్తుంటుందని దానికి మేనేజరని పేరు పెట్టారు. అసలు మేనేజరుకి ఈ సంగతి తెలుసు గానీ తెలియనట్టే ఉండేవాడు. తర్వాత డబ్బాల్లో తయారు జిగురు రావడం మొదలైంది. ఎలుకలు పోయాయి, పిల్లికి ఉద్యోగం పోయింది. పిన్ని దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

పెదనాన్న వచ్చిన రోజే కింద వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆపి, ఆయనెవరని ఆరా తీసింది.

"మా అక్క భర్త. గడియారమేమైనా ఆగిపోయిందా మీది?" అంది పిన్ని. ఆవిడ మళ్ళీ అడగలేదు.

పిన్ని ఇల్లు రెండు గదులూ వంటిల్లూ. ముందుగది పెదనాన్నకీ చిలుకకీ ఇచ్చి, లోపలి గది తనకీ మేనేజరుకీ ఉంచుకుంది. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగి, ఆయన చెప్పినదంతా ఒక పాత రిజిస్టరు అట్ట వెనక రాసుకొచ్చింది. మొదటి మూడు వారాలు రెండు గదుల మధ్య తలుపు మూసే ఉంచింది. పంజరం కింద పరిచిన గుడ్డ తెచ్చి పిల్లి పడుకునే చోట వేసేది, పిల్లి పడుకున్న దుప్పటి తెచ్చి పంజరానికి కాస్త దూరంలో పెట్టేది, ఒకదాని వాసన ఒకదానికి అలవాటు కావాలని. గోడకి ఇనుప కొక్కెం దిగ్గొట్టించి పంజరాన్ని ఎత్తున వేలాడదీసింది. దగ్గర్లో పిల్లి ఎక్కడానికి వీలున్న బల్లలన్నీ తీసేసింది. నాలుగో వారం నుంచి తలుపు ఓరగా తీసి, మేనేజర్ని ఒళ్ళో పట్టుకుని, ఆ చివర కూర్చునేది. పిల్లి చూపు పంజరం మీద నిలిచిపోతే దాని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టేది. రోజుకి అయిదు నిమిషాలు, తర్వాత పది.

"పెళ్ళిచూపులకి కూడా ఇంత జాగ్రత్త తీసుకోరు," అనేవారు పెదనాన్న.

"తీసుకుని ఉంటే బాగుండేది," అంది పిన్ని ఒకసారి.

కొత్త ఇంట్లో చిలుక పదకొండు రోజులు నోరు తెరవలేదు. పన్నెండో రోజు ఆదివారం. పిన్ని వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందుగదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"చిన్నది వచ్చిందా?"

పిన్ని చేతిలో గిన్నె జారిపోయింది. కాసేపాగి మళ్ళీ అదే గొంతు, చివర్న కాస్త సాగదీసి, "తలుపు తీసే ఉంచండి" అంది.

పిన్ని తడి చేతులతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పెదనాన్న ఆవిడ అడుగుల చప్పుడు విని, తనే చెప్పారట. ఆరేళ్ళూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ ఆ మాటే అడిగేదని. మా అమ్మ వచ్చిన చప్పుడవగానే గదిలోంచి "చిన్నది వచ్చిందా?" అనేది. రాలేదని తెలిశాక, తలుపు వెయ్యబోయే పెదనాన్నతో ఆ రెండో మాట అనేది. వందలసార్లు విని విని చిలుక నేర్చేసుకుంది.

"మరి మధ్యక్క నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది పిన్ని.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది మీ అక్క. తనంతట తను రావాలంది."

ఆ రోజు నుంచి పిన్ని ఆ మాట కోసం ఎదురు చూసేది. చిలుక రోజూ అనేది కాదు. కుక్కరు విజిల్, తలుపు కిర్రుమనడం, పెదనాన్న దగ్గు, అన్నీ చేసేది. వారానికి రెండు మూడుసార్లు, అదీ సాయంత్రం పెదనాన్న భుజమ్మీద కూర్చున్నప్పుడు, పెద్దమ్మ గొంతు బయటికొచ్చేది. పెదనాన్నకి ఫొటో చూసుకునే భాగ్యం లేదు. ఆ గొంతు వస్తే ఆయన కదలకుండా, తల కొంచెం పక్కకి వంచి కూర్చునేవారు.

చిలుకని బయటికి తీసే ముందు ఒక పద్ధతి ఉండేది. పిన్ని పిల్లిని వంటింట్లో పెట్టి గొళ్ళెం వేసేది. అప్పుడు పెదనాన్న, "మేనేజర్ని లోపల పెట్టావా?" అని అడిగేవారు. "పెట్టాను బావా" అని పిన్ని అంటే అప్పుడు ఆయనే పంజరం తలుపు వెతుక్కుని తీసేవారు. వంటింట్లోంచి మేనేజరు అరుపులు వినిపిస్తూనే ఉండేవి. నాలుగు నెలలు ఒక్కరోజు కూడా ఈ పద్ధతి తప్పలేదు. ఈలోగా పిల్లి పంజరం కింద పడుకుని కునుకు తీసే స్థితికి వచ్చింది. చిలుక గింజ పొట్టు దాని వీపు మీద రాల్చినా పట్టించుకునేది కాదు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఎంత స్నేహమైనా పంజరం తెరిచినప్పుడు మాత్రం రెండూ ఒకే గదిలో ఉండకూడదని డాక్టరు చెప్పాడని పిన్ని వాళ్ళతో అనేది. ఆ చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉండేది.

పెద్దమ్మ గొంతుని టేపు మీద ఎక్కించాలన్న ఆలోచన నాది. మా ఆఫీసులో ఒకాయన్ని బతిమాలి, ఒక్కరోజుకని టేప్ రికార్డరు తెచ్చాను. సోమవారం పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఇంటికి వెళ్ళి, పంజరం దగ్గర స్టూలు వేసి దాని మీద పెట్టాను. చిలుక ఆ యంత్రాన్ని చూసి ఈకలు బిగించుకుని మూలకి ఒదిగిపోయింది. అరగంట టేపు వట్టిగా తిరిగింది.

"బయటికి తీస్తే మాట్లాడుతుంది. నా భుజమ్మీద దానికి ధైర్యం," అన్నారు పెదనాన్న.

మేనేజరు గది మూల కుర్చీలో ముడుచుకుని నిద్రపోతోంది. పిన్ని దాన్ని ఎత్తుకోబోయి ఆగింది. నాకు అర్థమైంది. వంటింట్లో పెడితే అది అరుస్తుంది. ఆ అరుపులన్నీ టేపులో పడతాయి. ఉన్న ఒక్క గొంతు, ఉన్న ఒక్క రోజు. పిన్ని నా వైపు చూసింది. నేను తల ఊపాను. నిజంగా ఊపాను.

"మేనేజర్ని లోపల పెట్టావా?" అని అడిగారు పెదనాన్న.

"పెట్టాను బావా."

ఆయన చెయ్యి చాపి పంజరం తలుపు తీశారు.

చిలుక మెల్లగా ఆయన మణికట్టు మీదికీ, అక్కణ్ణుంచి భుజమ్మీదికీ ఎక్కింది. కాలరుకి ముక్కు రుద్దుకుంది. కుక్కరు విజిల్ వేసింది. నేను మీట నొక్కాను. పెదనాన్న నెమ్మదిగా, "ఇవాళ ఆదివారం కదా, అడగవేం?" అన్నారు. చిలుక తల వాల్చి విన్నది. తర్వాత ఒళ్ళు సర్దుకోవడానికి రెండు రెక్కలూ బారుగా చాపింది.

పిల్లి కుర్చీ దిగడం నేను చూడలేదు. గాల్లో ఉండగా చూశాను. పిన్ని దాని మీదికి దూకింది. స్టూలు పడింది. ఎటు చూసినా ఈకలే. పెదనాన్న గది మధ్యలో చేతులు రెండూ చాపుకుని, దేన్ని తొక్కుతానో అన్న భయంతో కాలు కదపకుండా నిలబడిపోయారు.

"ఏమైంది? ఏమైందో ఎవరైనా చెప్పండమ్మా," అంటున్నారు. మేమిద్దరం చెప్పలేదు. చిలుక బీరువా వెనక దొరికింది. తోక సగం పోయింది. ఎడమ రెక్క కింద రక్తం.

దెబ్బ చిన్నదే గానీ పిల్లి గోరు తగిలితే పిట్టకి విషంతో సమానమన్నాడు డాక్టరు. పది రోజులు మందు చుక్కలు వెయ్యమన్నాడు. పిన్ని షాపుకి సెలవు పెట్టి, పసిపాపకి పట్టినట్టు వేళ తప్పకుండా పట్టింది. చిలుక బతికింది.

రెండో రోజే పెదనాన్న అడిగారు, వంటింటి తలుపు ఎలా తెరుచుకుందని. గొళ్ళెం వదులైందని చెప్పి తప్పించుకోవచ్చు. నేనైతే అదే చెప్పేదాన్నేమో. పిన్ని ఆయన మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పిల్లి చేసింది పిల్లి పని. దాన్ని నేనేమీ అనను," అన్నారు ఆయన. "నేను చూడలేనని కదమ్మాయ్ నువ్వా మాట అన్నావు."

పది రోజుల మందు పూర్తయిన మర్నాడు, ఆయన కోరిక మీదే మా అన్నయ్య వెళ్ళి ఆయన్నీ పంజరాన్నీ మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన రెండు నెలలు మా దగ్గరే ఉన్నారు. తల ఊపింది నేనని ఆయనకి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. పిన్ని కూడా చెప్పలేదు. తప్పంతా తన మీదే వేసుకుంది, నేను వేసుకోనిచ్చాను.

చిలుక తింటోంది, నీళ్ళు తాగుతోంది, మాట్లాడటం లేదు. మా ఇంటి గోల పడకనో మరెందుకో ఛాతీ మీద ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. అది చూడలేక, అంటే మేము చెప్పగా వినలేక, పెదనాన్నే ఒకరోజు, "మా ఇద్దర్నీ చిన్నమ్మాయి ఇంట్లో దింపెయ్యండి" అన్నారు. ఈలోపు పిన్ని మేనేజర్ని ఎవరికైనా ఇచ్చేద్దామని చూసింది. ఆయనే కబురు పంపి ఆపించారు. షాపులో ఒకసారి ఉద్యోగం పోయినదాన్ని ఇంట్లోంచి కూడా పంపించెయ్యకన్నారు. పిన్ని దాన్ని ఉంచుకుంది గానీ చాలాకాలం ఒళ్ళోకి రానివ్వలేదు. అది వచ్చి కాళ్ళకి రాసుకునేది, ఆవిడ కాళ్ళు పక్కకి తీసుకునేది. ఎందుకో దానికి తెలిసే దారి లేదు.

గదుల మధ్య తలుపు మళ్ళీ మూసుకుంది. ఈసారి తీయనే లేదు.

ఈకలు మళ్ళీ వచ్చాయి. విజిలూ కిర్రుమనడమూ కూడా ఏడాదికి తిరిగొచ్చాయి. మాట మాత్రం రాలేదు. భయపడిన పిట్టలు ఒక్కోసారి నేర్చినది వదిలేస్తాయని డాక్టరు అన్నాడు. ఒక ఆదివారం నేను మెట్లెక్కుతుంటే లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వినిపించి, రెండేసి మెట్లు ఎక్కి పరుగెత్తాను. పంజరం ముందు పిన్ని కూర్చుని ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరి గొంతులూ ఒక పోలికే. చివర సాగదీయడం ఒక్కటే పిన్నికి సరిగ్గా రావడం లేదు. "చిన్నది వచ్చిందా? చిన్నది వచ్చిందా?" అని మళ్ళీ మళ్ళీ అంటోంది. చిలుక ఒక కన్నుతో ఆవిణ్ణి చూస్తోంది.

"వద్దమ్మాయ్," అన్నారు పెదనాన్న మంచం మీంచి. "నేర్చుకున్నా అది మీ అక్క అవదు."

ఆ టేపు నా దగ్గరే ఉండిపోయింది. ఒక్కసారి విన్నాను. పెద్దమ్మ అందులో లేదు. విజిలూ, పెదనాన్న అడగమనడమూ, ఆ తర్వాత మా చప్పుళ్ళూ ఉన్నాయి. పిన్ని ఎప్పుడూ అడగలేదు. టేపు ఉందని నేనూ చెప్పలేదు.

పెదనాన్న ఇంకో నాలుగేళ్ళు బతికారు. పిన్నితో ఎప్పటిలాగే జోకులేసేవారు. కింద వాటా ఆవిడ గోడగడియారం నిజంగానే ఆగిపోతే, తడిమి తడిమి బాగుచేసి ఇచ్చి, మీ పుణ్యాన నాకో పని దొరికిందన్నారు. పిన్ని ఆయనకి సాయంత్రాలు పుస్తకాలు చదివి వినిపించేది. ఎవరైనా చూస్తే ఆ ఇంట్లో అంతా బాగానే ఉందనుకుంటారు. ఆయన పిన్నిని ఒక్కమాటా అనలేదు, ఆ ఆదివారం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఒక్క అలవాటు మాత్రం వచ్చింది. "స్టవ్వు ఆపావా?" అని అడిగేవారు. "ఆపాను బావా" అనేది పిన్ని. ఆయన లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, బర్నరుకి కాస్త ఎత్తున అరచెయ్యి పెట్టి చూసి, వెనక్కి వచ్చి కూర్చునేవారు. వీధి తలుపూ అంతే. పిన్ని వేశానన్నాక వెళ్ళి గడియ తడిమేవారు. కావాలని చేసినట్టు ఉండేది కాదు. చెయ్యి దానంతట అది వెళ్ళేది. వెళ్ళినందుకు ఆయనే ఇబ్బంది పడి ఏదో ఒకటి మాట్లాడేవారు. పిన్ని ఆయన దారికి అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకి జరిపేది. నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా, "వేశానన్నాను కదా" అనలేదు.

మేనేజరు ముసలిదై, పెదనాన్న కంటే ముందే పోయింది. చిలుక ఇప్పటికీ ఉంది. పిన్ని పని మానేశాక దానితోనే ఉంటోంది.

పెదనాన్న ఆఖరి వారం ఆస్పత్రిలో నేనూ ఉన్నాను. సాయంత్రం మాత్రలు రెండు. ఒకటి గుండ్రంది, ఒకటి మధ్యలో గీత ఉన్నది. గీత ఉన్నది ముందు వేసుకోవాలి. పిన్ని దాన్ని ఆయన అరచేతిలో పెట్టి, "ఇదే బావా, ముందు వేసుకునేది" అంది. అప్పటికి ఆయనకి తల ఎత్తే ఓపిక కూడా లేదు. బొటనవేలు మాత్రం మాత్ర మీద నెమ్మదిగా కదిలింది, గీత కోసం. ఆయన తడమడం పూర్తయ్యేదాకా పిన్ని నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.